లద్దాఖ్‌లో చిన్న ట్రెక్కింగ్ కంపెనీ నడపడం ఎలా?

ఏటా మార్చి వచ్చేసరికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఉద్యోగం మానేసి లద్దాఖ్‌లో ట్రెక్కింగ్ కంపెనీ పెడదామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అంటారు. ఆ వెంటనే టెంట్లు ఎక్కడ కొనాలి, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఎలా నడపాలి అని అడుగుతారు. ఆ రెండూ వారంలో తేలిపోయే పనులు. నేను పదకొండు సీజన్లుగా లద్దాఖ్‌లోని మార్ఖా లోయలో మనుషుల్ని నడిపిస్తున్నాను. నేను తిరిగి అడిగేది ఒక్కటే. రాత్రి పదకొండింటికి, 4,800 మీటర్ల ఎత్తులో, మీ గుంపులో ఒకరికి ఊపిరి ఆడకపోతే వాళ్లని కిందికి ఎవరు తీసుకెళ్తారు? పైన మిగిలినవాళ్ల దగ్గర ఎవరుంటారు? ఎంతమందిని తీసుకెళ్లాలి, ఎన్ని రోజులు నడపాలి, ఎంత తీసుకోవాలి అన్నవన్నీ ఈ ప్రశ్న దగ్గరే తేలతాయి.

ముందు ఊరివాళ్లు, తర్వాత కాగితాలు

బయటి నుంచి వెళ్లి ఒంటరిగా కంపెనీ పెట్టకండి. లద్దాఖీ భాగస్వామి ఉండాలి. ఆయన పేరు కాగితాల్లో ఉంటే చాలదు, లాభంలో సగం ఆయనదే కావాలి. మంచితనం కోసం ఈ మాట చెప్పడం లేదు. అక్కడ కొండమీద ఆఖరి మాట ఊరిది. స్టోక్ కాంగ్రి 6,153 మీటర్ల శిఖరం, లద్దాఖ్‌లో అందరూ ఎక్కాలనుకునేది. జనం తాకిడికి, చెత్తకు, తమ నీటికి వచ్చిన ముప్పుకు విసిగి స్టోక్ గ్రామస్థులు 2020లో దాన్ని మూయించారు. ఆ ఒక్క శిఖరం మీదే బతికిన కంపెనీలకు సీజన్ పోయింది. చిన్నగా, నికరంగా ఎలా నడపొచ్చో చూడాలంటే థిన్లస్ చోరోల్ 2009లో మొదలుపెట్టిన లద్దాఖీ విమెన్స్ ట్రావెల్ కంపెనీని చూడండి. గైడ్లంతా ఆడవాళ్లే, అందరూ అక్కడివాళ్లే.

కాగితాల సంగతి: లద్దాఖ్ పర్యాటక శాఖలో రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఇన్సూరెన్స్. మార్ఖా లోయ హేమిస్ నేషనల్ పార్కులో ఉంది కాబట్టి పార్కు రుసుము కూడా. ఇవి చూసుకోవడానికి ఒక మంచి ఆడిటర్, లేహ్‌లో మీ భాగస్వామి చాలు.

మీరు మాత్రం ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ (ఎన్ఐఎం)లోనో డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (హెచ్ఎంఐ)లోనో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసి తీరాలి. దాదాపు నెల పడుతుంది. ఆ నెల కేటాయించలేనివాళ్లు ఈ పని పెట్టుకోకూడదు.

సామాను

పెద్ద లిస్టు అక్కర్లేదు. ఊళ్లలో హోమ్‌స్టేలు ఉంటాయి, టెంట్లు పై రెండు మజిలీలకే కావాలి. ఒక ఆక్సిజన్ సిలిండర్, రెండు పల్స్ ఆక్సీమీటర్లు, మందుల పెట్టె, రెండు పెద్ద ప్రెషర్ కుక్కర్లు. లోయలో సామాను గుర్రాల మీద వెళ్తుంది. వాటిలో ఒక గుర్రాన్ని బరువు వేయకుండా ఖాళీగా ఉంచండి, ఎందుకో కింద చెప్తాను. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదైనా లోయ లోపల నమ్మడానికి లేదు. శాటిలైట్ ఫోన్ తెస్తాం అని అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు తరచూ అంటారు. వద్దని ముందే రాసి పంపండి. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

కుక్కర్ గురించి ఇంకో మాట. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన మజిలీ నిమలింగ్. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 84 డిగ్రీలకే మరిగిపోతాయి. మూత లేని గిన్నెలో ఎంతసేపు ఉడికించినా మెతుకు లోపల పలుకు పోదు. రోజంతా నడిచి వచ్చిన తెలుగువాడికి సగం ఉడికిన అన్నం పెడితే తినడు. తినకపోతే మర్నాడు నడవలేడు. ఊళ్లలో మాత్రం అన్నం అడగనివ్వకండి. పిండి ముద్దలు, కూరగాయలు కలిపి ఉడికించే స్క్యూ, నూడుల్స్ సూప్ లాంటి థుక్పా, ఖంబీర్ రొట్టె ఆ ఇంటివాళ్లు తమ పొలం పంటతో చేసి పెడతారు. మన ఆవకాయ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. సీసా మూత బిగించి, రెండు కవర్లలో చుట్టండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలి తోసుకొస్తుంది, నూనె బట్టల్లోకి కారుతుంది.

ఎక్కడ పడుకోవాలి

హోమ్‌స్టేల వెనుక ఒక కథ ఉంది. మంచు చిరుత రాత్రిపూట దొడ్లోకి దూరి గొర్రెల్ని చంపితే ఊరివాళ్లు దాన్ని చంపేవాళ్లు. 2000ల మొదట్లో స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ ఆ ఊళ్లలో హోమ్‌స్టేలు మొదలుపెట్టించింది. దొడ్లకు గట్టి కప్పులు వేయించింది. చిరుత బతికి ఉంటేనే అతిథి వస్తాడు, ఇంటికి డబ్బు వస్తుంది. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలోని 718 మంచు చిరుతల్లో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. ఈ ఏర్పాటు నిలబడింది వంతుల పద్ధతి మీద. ఈ రోజు ఒక ఇల్లు, రేపు ఇంకో ఇల్లు. కొత్త కంపెనీలు చేసే మొదటి పాడు పని ఇక్కడే. బాత్రూమ్ బాగున్న ఇంటికే ప్రతిసారీ గుంపును పంపిస్తాయి. వంతు తప్పిన ఇంటి మనసులో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏ ఇల్లు చూపిస్తే ఆ ఇంట్లోనే పడుకోండి.

టెంట్ వేసేటప్పుడు ఎండిన వాగు పక్కన చదునుగా ఉంది కదా అని ఆశపడకండి. లేహ్‌లో ఏడాదికి పడేది సుమారు 100 మిల్లీమీటర్ల వానే. అయినా 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి కురిసిన కుంభవృష్టికి వచ్చిన బురద వరదలో రెండు వందల మందికి పైగా పోయారు. మార్ఖా నదిని దాటాల్సిన చోట పొద్దున్నే దాటించండి. మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీటిమట్టం పెరుగుతుంది.

అసలు పని: వెనక్కి తిప్పడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాద్‌లో రాత్రి భోంచేసి, ఢిల్లీ నుంచి తెల్లవారుజామున విమానం ఎక్కినవాడు టిఫిన్ వేళకు ఆ ఎత్తులో దిగుతాడు. శరీరానికి ఆ సంగతి ఇంకా తెలియదు. అలాంటివాళ్లని మర్నాడే 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమకు ఫొటోల కోసం తీసుకెళ్లే ప్యాకేజీలు చూస్తే నాకు కడుపు మండుతుంది. మా దగ్గర మొదటి మూడు రాత్రులు లేహ్‌లోనే. మొదటి రోజు గదిలో పడుకోవడం, నీళ్లు తాగడం, అంతే. "మూడు రోజులు దండగ" అనేవాళ్ల డబ్బు నేను తీసుకోను.

సూత్రం తేలికే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు ఉండాలి. ఇప్పుడు మార్ఖా లోయను దీని పక్కన పెట్టి చూడండి. స్కియు, మార్ఖా, హంకర్ ఊళ్ల వరకూ ఎత్తు మెల్లగా పెరుగుతుంది. హంకర్ దాదాపు 4,000 మీటర్లు, నిమలింగ్ 4,800. చాలా కంపెనీలు ఈ రెండింటి మధ్య ఒక్క రోజు పెడతాయి. అంటే ఒక్క రాత్రిలో 800 మీటర్లు. మధ్యలో థచుంగ్‌త్సె దగ్గర ఆగాలి. నేనైతే అక్కడ రెండు రాత్రులు ఆపుతాను.

నిమలింగ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. అక్కడి నుంచి ముందుకు వెళ్తే షాంగ్ సుమ్దో వైపు రోడ్డు, బండి, లేహ్ అన్నీ దగ్గర. కానీ ముందుకు దిగాలంటే మొదట సుమారు 5,200 మీటర్ల కొంగ్మారు లా కనుమ ఎక్కాలి. ఒంట్లో బాగాలేనివాడిని "ఇంకో నాలుగు వందల మీటర్లే, ఎక్కేస్తే అవతల దిగుడే" అని పైకి తీసుకెళ్లడం ఈ దారిలో జరిగే అతి పెద్ద తప్పు. దిగడం అంటే వచ్చిన దారినే హంకర్ వైపు దిగడం. రోడ్డు దూరమైనా సరే.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నా నాలుగో సీజన్. గుంపుకు తిరుగు విమానం టికెట్లు ఉన్నాయని థచుంగ్‌త్సె విశ్రాంతి రోజు నేనే తీసేశాను. అందులో హాఫ్ మారథాన్లు పరిగెత్తే ఒక కుర్రాడు ఉన్నాడు, రోజూ అందరికన్నా ముందు చేరేవాడు. ఆ రోజు నిమలింగ్‌కు అందరికన్నా నలభై నిమిషాలు వెనక వచ్చాడు. అడిగితే "బాగానే ఉన్నానన్నా, ఫొటోలు తీస్తూ ఆగాను" అన్నాడు. రాత్రి భోజనానికి కూర్చున్నాడు. ప్రతి పూటా సీసా లాక్కుని ఆవకాయ వేసుకునేవాడు ఆ పూట సీసా ముట్టుకోలేదు. నేను దాన్ని చూశాను, పట్టించుకోలేదు. నా భాగస్వామి పట్టించుకున్నాడు. తొమ్మిదింటికి వెళ్లి టెంట్ జిప్ తీస్తే ఆ కుర్రాడు బూటు లేసు చేతిలో పట్టుకుని, కట్టకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. పొడి దగ్గు. కూర్చున్న మనిషి మెట్లెక్కినవాడిలా ఆయాసపడుతున్నాడు.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం అంటే అదే, హేప్ అంటారు. తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఆక్సిజన్ పెట్టి, వెచ్చగా చుట్టి, గుర్రం ఎక్కించి, నా భాగస్వామి, గుర్రాలవాడు హెడ్‌ల్యాంపులతో రాత్రికి రాత్రే కిందికి దింపారు. నడిపించకూడదు, ఆ స్థితిలో శ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. ఖాళీ గుర్రం ఉంచమన్నది అందుకే. హంకర్ చేరేసరికి తూర్పు తెల్లబడింది, అతని ఆయాసం తగ్గింది. తర్వాత లేహ్‌లోని సోనమ్ నొర్బు ఆస్పత్రిలో చేర్చాం. కోలుకున్నాడు. ఆ తర్వాత నేను విశ్రాంతి రోజు ఎప్పుడూ తీసేయలేదు.

కాబట్టి రోజూ సాయంత్రం ఇలా చేయండి. తలనొప్పి ఉందా అని గుంపు ముందు అడగకండి, అందరి ముందూ ఎవరూ ఒప్పుకోరు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి. ఎంత తిన్నారో కంచం చూసి తెలుసుకోండి. అనుమానం ఉంటే చదునైన నేల మీద, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనేలా పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాచడం మొదలైందని లెక్క, వెంటనే దిగాలి. ఆక్సీమీటర్ అంకె బాగుందని మనిషి ముఖం చూడడం మానకండి. చల్లటి వేళ్ల మీద అది తప్పు చూపిస్తుంది.

తలనొప్పి, వికారం మాత్రమే ఉంటే అక్కడే ఆగాలి, తగ్గేవరకూ ఒక్క అడుగు కూడా పైకి వద్దు. ఆగినా ముదురుతుంటే దిగాలి. విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, తూలుడు, పొంతన లేని మాటలు, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా దిగాలి. జబ్బు మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఒంటరిగా పంపకూడదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది బయల్దేరేముందు వాళ్ల డాక్టర్‌తో తేల్చుకుని రమ్మనండి. మందు వేసి పైకి నడిపించే గైడ్‌ను ఆ సీజన్‌లోనే మాన్పించండి.

"మా వాడు ఫిట్ అన్నా, మన పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా" అంటారు తల్లిదండ్రులు. నిజమే, 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎక్కింది, మనందరికీ గర్వం. కానీ ఆ అమ్మాయి భువనగిరి బండల మీద మొదలుపెట్టి నెలల తరబడి శిక్షణ తీసుకుంది. ఎవరెస్ట్ మీద వారాల తరబడి ఎత్తుకు అలవాటు పడ్డాకే పైకి వెళ్లింది. కండబలం వేరు, ఎత్తుకు అలవాటు పడడం వేరు. ఫిట్‌గా ఉన్నవాళ్లే వేగంగా ఎక్కి, దాచిపెట్టి, ముందుగా పడిపోతారు.

డబ్బు లెక్క

పై భాగం అర్థమైతే ఇది తేలిక. ఒకరిని దింపడానికి ఒక గైడ్, పైన ఉండడానికి ఇంకో గైడ్ కావాలి. అంటే ఎప్పుడూ ఇద్దరు. ఇద్దరు గైడ్లు రోజూ విడివిడిగా పలకరించి చూడగలిగేది ఎనిమిది మందిని. అందుకే ఎనిమిది దాటకూడదు. ఐదుగురు వస్తే ఖర్చులు వచ్చేలా ధర పెట్టండి, ఆరో మనిషి నుంచి మీకు మిగులుతుంది. ముప్పై మందిని తోలుకెళ్లేవాళ్ల ధరతో పోటీ పడితే ముందు తెగిపోయేది ఆ రెండో గైడ్ జీతమే.

మధ్యలో దిగినవాళ్ల బండి ఖర్చు కంపెనీయే భరించాలి, దాన్ని ముందే అందరి ధరలో కలపండి. దిగితే జేబుకు చిల్లు అని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు. గైడ్ జీతం, గుర్రాలవాడి కూలీ కనుమ దాటినా దాటకపోయినా ఒకటే ఉండాలి. చివర్లో వచ్చే టిప్పులు ఒకచోట వేసి సమానంగా పంచండి. ప్రయాణంలో చివర ఒక రోజు ఖాళీగా ఉంచి, తిరుగు టికెట్ ఆ తర్వాతే కొనమని బుకింగ్ రోజే చెప్పండి.

చెత్త, చలికాలం

తీసుకెళ్లిన ప్లాస్టిక్ ప్రతి కవరూ తూకం వేసి తీసుకెళ్లండి, తూకం వేసి లేహ్‌కు తెచ్చుకోండి. ప్యాకేజ్డ్ నీళ్ల సీసాలు కొననివ్వకండి. దారిలో పాత పారాచూట్ గుడ్డతో వేసిన టీ టెంట్లలో ఊరి ఆడవాళ్లు మరిగించిన నీళ్లు అమ్ముతారు, సీసాలు అక్కడ నింపుకుంటే డబ్బు వాళ్లకే చేరుతుంది. ఇళ్లలోని పొడి మరుగుదొడ్డిలో నీళ్లు పోయకూడదని, పని అయ్యాక పారతో మట్టి వేయాలని మొదటి రోజే చూపించండి. ఆ ఎరువు వచ్చే ఏడాది వాళ్ల బార్లీ పొలానికి వెళ్తుంది.

సెప్టెంబర్ ఆఖరుకు ట్రెక్కులు అయిపోతాయి. చలికాలంలో అందరూ చాదర్ అంటారు, గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడక. నేను చేయను, మంచు పొర మీద నాకు నమ్మకం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుంబక్ ఊరికో ఉలే ఊరికో నలుగురిని తీసుకెళ్లి టెలిస్కోప్ పెట్టుకుని మంచు చిరుత కోసం కూర్చోండి. అదే ఇళ్లు, అదే వంతు. గైడ్లకు చలికాలంలోనూ జీతం ఉంటే జూన్‌కు వాళ్లే తిరిగి వస్తారు.