రాజు పక్షాన నిలిచిన ఇంగ్లిష్ భూస్వామి కుటుంబం ఆస్తి ఏమైందో కనిపెట్టడం ఎలా?

1640ల ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో పార్లమెంటుకు ఎదురుగా, రాజు మొదటి చార్లెస్ పక్షాన నిలిచిన కుటుంబం చితికిపోయిందా, నిలదొక్కుకుందా అన్నది జరిమానా అంకె ఒక్కటే చూసి తేల్చకండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టారన్నదే అసలు ప్రశ్న.

పని జరిమానా దస్త్రంతోనే మొదలుపెట్టాలి. రాజపక్షీయుల భూములను పార్లమెంటు జప్తు చేసి, జరిమానా కట్టినవారికి తిరిగి ఇచ్చేది. ఆ కాగితాలు లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎస్‌పీ 23 అనే దస్త్రాల వరుసలో ఉన్నాయి. ఇంటిపేరును తోచిన స్పెల్లింగులన్నిటితోనూ వెతకండి. అర్జీ, ఆస్తి వివరాల పట్టీ, జరిమానా తేల్చిన కమిటీ నివేదిక, ఈ మూడూ దొరికేదాకా ఆగొద్దు. ఆస్తి విలువలో పదో వంతు జరిమానా అంటే సుమారు రెండేళ్ల రాబడి. ఏటా 300 పౌండ్లు వచ్చే భూమికి 600 పౌండ్ల దాకా పడుతుంది. 1646లో రాజపక్షానికి కేంద్రమైన ఆక్స్‌ఫర్డ్ నగరం లొంగిపోయినప్పటి షరతుల కిందికి వచ్చినవారికి ఈ తక్కువ రేటు దక్కింది. మిగిలినవారికి ఆరో వంతు, మూడో వంతు, ఒక్కోసారి సగం కూడా పడేది.

పట్టీలోని రాబడి యజమాని స్వయంగా చెప్పుకున్నది. తగ్గించి చెప్పడం మామూలే. అందుకే అదే ఆర్కైవ్స్‌లోని ఎస్‌పీ 19 వరుసలో ఉన్న ఫిర్యాదులు కూడా చూడాలి. దాచిన ఆస్తుల గుట్టు బయటపడేది అక్కడే.

తర్వాత కౌంటీ రికార్డు ఆఫీసుల్లో తాకట్టు, అమ్మకం పత్రాలు తీయండి. చాలామంది తడబడేది ఇక్కడే. 1660లో మొదటి చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ రాజుగా తిరిగొచ్చాక, ప్రభుత్వం జప్తు చేసి అమ్మేసిన భూములను రాబట్టుకోగలిగారు గానీ, జరిమానా కట్టడానికి తామే అమ్ముకున్నవి తిరిగి రాలేదు. కొన్నది బావమరిదో, ట్రస్టీయో అయితే అది నిజమైన అమ్మకమేనా, ఆస్తిని ఇంట్లోనే ఉంచుకునే ఏర్పాటా అని ఆరా తీయండి. తేదీల విషయంలోనూ జాగ్రత్త: అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రాజుకు మరణశిక్ష అమలైన 1649 జనవరి 30 అప్పటి కాగితాల్లో 1648గా కనిపిస్తుంది.

ఇక, కుటుంబంలో ఎవరైనా అట్లాంటిక్ అవతలి ఇంగ్లిష్ వలసలకు వెళ్లారేమో చూడాలి. ఉత్తర అమెరికాలోని వర్జీనియాలో ప్రయాణ ఖర్చు భరించి తెచ్చిన ఒక్కో మనిషికి 50 ఎకరాల హక్కు ఉండేది. ఆ హక్కులు చేతులు మారేవి కాబట్టి, పట్టా తేదీని వచ్చిన తేదీగా రాసుకోకండి. కరీబియన్‌లోని చెరకు తోటల దీవి బార్బడోస్ దస్తావేజుల్లో ఇంకో చిక్కు: ధరలు తరచూ పంచదార బరువులో ఉంటాయి. ఇంగ్లిష్‌లో బరువుకూ డబ్బుకూ పౌండే మాట. పక్కన పంచదార ప్రస్తావన ఉందేమో చూడకుండా కూడితే లెక్క మొత్తం తప్పుతుంది. అవే పత్రాల్లో ఎకరాలు, పశువులు, చెరకు రసం మరిగించే బానల సరసన బానిసలైన ఆఫ్రికన్లనూ ఆస్తిగా జాబితా కట్టారు. పేర్లు, సంఖ్య ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. ఆ సంపద వాళ్ల చాకిరీలోంచి వచ్చిందే.

చివరగా నేషనల్ ఆర్కైవ్స్‌లోనే ప్రాబ్ 11 వరుసలో ఉన్న వీలునామాలు తీసి, వలసల్లోని తోట ఆదాయంతో ఇంగ్లండులోని ఏ తాకట్టు తీర్చమన్నారో, ఏ కూతురికి కట్నం రాశారో జరిమానా దస్త్రంలోని ఆస్తి పట్టీతో పోల్చి చూడండి.