ఏఐ స్టాక్ అంచనా తప్పింది ఐటెమ్ పేర్ల వల్లే

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్లంబింగ్ సామాను హోల్‌సేల్ షాపు. ఏం ఆర్డరు పెట్టాలో చెప్పే ఏఐ పెడితే, గోడౌన్ నిండా ఉన్న ఎల్బోలనే (పైపు మలుపు ముక్కలు) మళ్లీ తెప్పించమంది. తప్పు బిల్లింగ్ డేటాలో ఉంది.

ఒకే సరుకు మూడు పేర్లతో ఎక్కింది: "సీపీవీసీ ఎల్బో 3/4", "20 ఎంఎం ఎల్బో", "ఎల్బో ముప్పావు". మూడింటికీ విడివిడిగా స్టాక్. జీఎస్టీ బిల్లులో సరుకు రకానికి వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ చూసి కలపొద్దు. ప్లాస్టిక్ పైపు, ఎల్బో, మూడు పైపులు కలిపే టీ ముక్క అన్నీ 3917 కిందికే వస్తాయి. కంపెనీ, రకం, సైజు, ఈ వరుసలోనే పేరు రాసి, ప్రతి సరుకుకీ సొంత కోడ్ ఇచ్చాకే లెక్క కుదిరింది. కొనేది బాక్సుల్లో, అమ్మేది పీసుల్లో అయితే బాక్సుకి ఎన్ని పీసులో కూడా ఎక్కించాలి.

చాలామంది వదిలేసేది సరుకు లేని రోజుల సంగతి. ఏప్రిల్లో బోరు మోటార్లు అయిపోయి వారం పాటు అమ్మకం సున్నా ఉంటే, గిరాకీ లేదనుకుంటుంది ఏఐ. ఆ రోజులకు 'స్టాక్ లేదు' అని గుర్తు పెట్టాలి. ఇది చేయకపోతే మిగతాదంతా చేసీ లాభం లేదు.

కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే డేటా బయటికి పంపండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, పైగా ఈ అంచనాకు అవి అక్కర్లేదు.

చివరి 2 నెలల బిల్లులు ఏఐకి చూపించకుండా ఆ నెలలకు అంచనా అడగండి. అసలు అమ్మకంతోనూ, కౌంటర్లో పాత గుమాస్తా చెప్పే అంకెతోనూ పోల్చండి. గుమాస్తా కన్నా దగ్గరగా వచ్చేదాకా ఆర్డరు మనిషే పెట్టాలి. పేర్లు మళ్లీ కలగాపులగం కాకుండా, బిల్లింగ్‌లో కొత్త ఐటెమ్ ఎక్కించే పని మాత్రం ఒక్కరికే అప్పగించండి.