అభిఘాతాలు – 4వ పాఠం: మైనస్‌ను మింగేసిన లెక్క

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు చాలామంది జవాబు 5, 5 అని రాశారు. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న వాలు అభిఘాతాలు (బంతులు ఏటవాలుగా గుద్దుకోవడం) వాయిదా.

లెక్క ఇదీ. 2 కిలోల బంతి కుడివైపుకు సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతోంది. 3 కిలోల బంతి దానికి ఎదురుగా అంతే వేగంతో వస్తోంది. అభిఘాతం స్థితిస్థాపకం, అంటే గుద్దుకోవడంలో గతిజశక్తి ఏమీ పోదు. తర్వాత వేగాలెంత?

మీరు ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 10 + 15 = 25 అన్నారు, వర్గ సమీకరణంతో కుస్తీ పట్టారు, రెండు మూలాలూ 5 రాగానే కుదిరిందనుకున్నారు. రెండు బంతులూ ఒకే వైపు ఒకే వేగంతో పోతుంటే అవి జన్మలో గుద్దుకోవు! మీరు రాసింది గుద్దుకోని బంతుల సమీకరణం. పాపం, అది నిజమే చెప్పింది.

'శక్తి సరిచూశాం సార్' అంటారు. అసలు మోసం అక్కడే ఉంది. గతిజశక్తిలో వేగం వర్గమైపోతుంది కాబట్టి మైనస్ పెట్టినా మానినా 25 + 37.5 = 62.5 జౌళ్లే వస్తుంది. తప్పు ద్రవ్యవేగంలోనే దొరుకుతుంది: 10 − 15 = −5. నేనైతే లెక్క ముట్టుకోకముందే కుడివైపుకు బాణం గీసి, పక్కన ప్లస్ వేస్తాను. బాణం లేని పేపరు దిద్దను.

ఇక వర్గ సమీకరణం వదిలేయండి. మొత్తం ద్రవ్యవేగం మారదు, మొత్తం గతిజశక్తి మారదు అన్న రెండు నియమాలనూ ఒకదాంతో ఒకటి భాగిస్తే u₁ + v₁ = u₂ + v₂ మిగులుతుంది (u గుద్దుకోకముందు వేగం, v తర్వాతి వేగం). 5 + v₁ = −5 + v₂, అంటే v₂ = v₁ + 10. దీన్ని 2v₁ + 3v₂ = −5లో పెడితే v₁ = −7, v₂ = 3. శక్తి 49 + 13.5, మళ్లీ 62.5.

నాకు ఇంకా ఇష్టమైన దారి: మొత్తం ద్రవ్యవేగాన్ని మొత్తం ద్రవ్యరాశితో భాగిస్తే −1. దాని రెట్టింపులోంచి పాత వేగం తీసేయండి. −2 − 5 = −7. −2 + 5 = 3. అయిపోయింది.

క్యారమ్స్‌లో స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు అనుకుంటే, సూటిగా కొట్టినా స్ట్రైకర్ ఆగదు, సగం వేగంతో వెనకే పోతుంది. కాయిన్‌తో పాటు అదీ పాకెట్‌లో పడి ఫౌల్ అయ్యేది అందుకే.

అభ్యాసం ఒక్కటే, కొంచెం గట్టిది. 1932లో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ న్యూట్రాన్ ద్రవ్యరాశిని మొదట అంచనా వేసింది ఈ లెక్కతోనే. ఒకే వేగంతో వచ్చిన న్యూట్రాన్లు ఆగి ఉన్న హైడ్రోజన్ (ద్రవ్యరాశి 1), నైట్రోజన్ (ద్రవ్యరాశి 14) కేంద్రకాలను సూటిగా కొడితే అవి సెకనుకు 3.3 కోట్ల మీటర్లు, 47 లక్షల మీటర్ల వేగంతో ఎగిరాయి. న్యూట్రాన్ వేగం తెలియదు, తెలియక్కర్లేదు. దాని ద్రవ్యరాశి కనుక్కోండి. 1.16 దగ్గర రాకపోతే ముందు బాణం చూసుకోండి.