బడి ఆఫీసు పని నేర్చుకుందాం – మూడవ పాఠం: జనరల్ రిజిస్టరులో ఒక్క వరుస

గత పాఠంలో ఆవక్-జావక్ రిజిస్టరు, అంటే బడికి వచ్చే, బడి నుంచి వెళ్లే కాగితాల పట్టీ చూశాము. ధర్మాబాద్ మిర్చి అడ్తిలోనో, కిరాణా దుకాణంలోనో చిట్టా రాసినవారికి అది పెద్ద కొత్తగా తోచి ఉండదు. బడిలో చేరిన ప్రతి పిల్లవాడి వివరాలు రాసే జనరల్ రిజిస్టరు సంగతి వేరు. దుకాణం లెక్కలో దొర్లిన తప్పు ఏడాది చివర మొత్తం కలిపేటప్పుడు దొరికిపోతుంది. ఈ రిజిస్టరులో దొర్లిన తప్పు మాత్రం పిల్లవాడు పెద్దవాడై కులధ్రువీకరణకో, పాస్‌పోర్టుకో కాగితాలు పట్టుకుని తిరిగే రోజున గానీ బయటపడదు.

ఒక్కొక్క విద్యార్థికి ఇందులో ఒక్కటే వరుస ఉంటుంది. రిజిస్టరు నంబరు, పేరు, తల్లి పేరు, మాతృభాష, మతం, కులం, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ, వెనుకటి బడి, చేరిన తేదీ, చేరిన తరగతి మొదట రాస్తారు. బడి వదిలిన తేదీ, కారణం, శేరా (వ్యాఖ్య) గళ్లు ఆ పిల్లవాడు వెళ్లిపోయే రోజు దాకా ఖాళీగా ఉంటాయి. బడి వదిలినప్పుడు ఇచ్చే దాఖలా ఈ వరుసకు నకలే తప్ప మరొకటి కాదు. ఇది అర్థమైతే సగం పని వచ్చినట్టే.

మహారాష్ట్రలోని మన సరిహద్దు తాలూకాలలో అన్నిటికంటే చిక్కు తెచ్చేది పేరు. తెలంగాణలో ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. ఇక్కడ పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఆడనావ్ (ఇంటిపేరు) మూడూ విడివిడిగా కావాలి. బాసర వైపు నుంచి వచ్చిన టీసీ మీద ‘పి. సాయికుమార్’ అని ఉంటుంది. తండ్రిని ఊరంతా ‘పులివార్’ అని పిలుస్తారు. ఆధార్‌లో ‘పులి’ అని మాత్రమే ఉంటుంది. గుమాస్తా తనకు తెలిసిన మనిషే కదా అని ‘పులివార్’ అని రాసేస్తే అక్కడితో ఒకే పిల్లవాడికి మూడు పేర్లవుతాయి. మన చేతిలో ఉన్నది రాసే పనే గాని పేరు పెట్టే పని కాదు. జనన ధ్రువపత్రమూ టీసీ ముందు పెట్టుకుని, తేడా ఉంటే తండ్రి చేత అర్జీ రాయించి, దానిని ముఖ్యాధ్యాపకుల ముందు పెట్టి, వారు చెప్పినట్లు రాయాలి. ఆ అర్జీని ఫైలులో భద్రపరచడం మరువకూడదు. మరాఠీ లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వాడుకలో వేరే గుర్తులు లేవు కనుక ‘కొమురయ్య’ను మరాఠీలో రాసి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేటప్పటికి అది ఏ రూపం ఎత్తుతుందో చెప్పలేము. అందుకే ఇంగ్లీషు అక్షరక్రమాన్ని మరాఠీ నుంచి ఊహించి రాయక, మూల పత్రం చూసే దింపుకోవాలి.

ఇక పుట్టిన తేదీ. దీనిని అంకెలలోనూ అక్షరాలలోనూ రాస్తారు. అక్షరాల గడి దండగ అని మొదట్లో నేనూ అనుకున్నాను. పనిలో చేరిన కొత్తలో ఒక పాత వరుస చూసి దాఖలా రాస్తూ జనవరిని సెప్టెంబరు చేశాను. మరాఠీ ఒకటి చూపుకు అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలాగే ఉంటుంది. తెలుగు బడిలో చదివిన నా కన్ను దానిని తొమ్మిదిగానే పట్టుకుంది. సంతకానికి వెళ్లినప్పుడు ముఖ్యాధ్యాపకురాలు పక్కనున్న అక్షరాల గడి మీద వేలు పెట్టి చూపారు. అప్పటి నుంచి అక్షరాలు ముందు చదివి, ఆ తరువాతే అంకెలను వాటితో సరిచూసుకుంటున్నాను. తప్పు పడినచోట గీకడం, తెల్లరంగు పూయడం, అంకె మీద అంకె దిద్దడం మూడూ కూడని పనులే.

పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన టీసీలో యూడైస్ సంకేతం, అంటే ఆ బడి గుర్తింపు సంఖ్య చూడడం అలవాటు చేసుకోండి. పదకొండు అంకెలలో మొదటి రెండూ రాష్ట్రానివి: 27 అయితే మహారాష్ట్ర, 36 అయితే తెలంగాణ. టీసీ ఆలస్యమైందని పిల్లవాడిని వెనక్కు పంపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఐదవ సెక్షను ప్రకారం టీసీ రావడంలో జాప్యాన్ని కారణంగా చూపి ప్రవేశాన్ని ఆపడం కుదరదు. వయసు రుజువు లేదని నిరాకరించడాన్ని పద్నాలుగవ సెక్షను ఒప్పుకోదు. గుమాస్తా ఉద్యోగపు ముఖాముఖిలో ఈ రెండు సెక్షన్లు చెప్పగలిగిన వారిని బడి అనుభవం లేదని తీసిపారేయడం అంత తేలిక కాదని నా అభిప్రాయం. టైపింగు మాట వేరే పాఠంలో వస్తుంది. నిమిషానికి మరాఠీ ముప్పై, ఇంగ్లీషు నలభై పదాల వేగానికి సాధన మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న పాత దాఖలాలు, తాతగారిదైనా సరే, మూడు తీసుకోండి. పెద్ద కాగితం మీద పైన చెప్పిన గళ్లు గీసి, దాఖలా నుంచి వెనక్కు వెళ్లి వరుసను తిరిగి కట్టండి. తరువాత దాఖలాలను పక్కన పెట్టి, మీరు రాసిన వరుస నుంచే కొత్త దాఖలా రాసి, మూలంతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని పారేయకుండా ఉంచండి. బోనాఫైడ్ (పిల్లవాడు ఈ బడి విద్యార్థే అని ఇచ్చే పత్రం) పాఠంలో దానితోనే పని.