టార్చ్ డల్ అయితే ముందు వెనక మూత విప్పండి

టార్చ్ మసకబారిందని తెచ్చేవాళ్లు దాదాపు అందరూ ఎల్‌ఈడీ పోయిందనే అంటారు. ఎల్‌ఈడీ అంత తేలిగ్గా పోదు. నా అనుమానం ఎప్పుడూ వెనక మూతలోని స్ప్రింగు, స్విచ్చు, మూత థ్రెడ్ల మీదే; కరెంటు వెళ్లేది వాటి గుండానే.

లెక్క చూడండి. 18650 సెల్లు (రీచార్జ్ చేసుకునే లిథియం సెల్లు) ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు. 3 ఆంపియర్లు లాగే తెల్ల ఎల్‌ఈడీకి 3.3 వోల్టులు కావాలనుకుందాం. కరెంటు వెళ్లే దారిలో 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటే 0.3 వోల్టులు అక్కడే పోతాయి. సెల్లు నిండుగా ఉన్నప్పుడు ఆ లోటు తెలియదు, ఎందుకంటే డ్రైవర్ (కరెంటును అదుపు చేసే సర్క్యూట్) లీనియర్ రకమైతే ఎలాగూ మిగులు వోల్టేజీని వేడిగా వదిలేస్తుంది. సెల్లు 3.6కి దిగాక మాత్రం మిగులుండదు. కరెంటు పడిపోతుంది, వెలుగూ పడిపోతుంది. వోల్టేజీని పెంచి ఇచ్చే బూస్ట్ డ్రైవర్ దీనికి ఉల్టా: వోల్టేజీ తగ్గేకొద్దీ అది సెల్లు నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి దారిలో నష్టమూ పెరుగుతుంది.

అందుకే పరీక్ష సగం వాడిన సెల్లుతో చేయాలి. మూత తీసేసి, పొట్టి లావు రాగి తీగతో సెల్లు మైనస్‌ను ట్యూబు అంచున రంగు లేని లోహానికి కలపండి. తీగ ప్లస్ వైపు పోకూడదు, షార్ట్ అవుతుంది. మూతతో ఉన్నప్పటికంటే వెలుగు పెరిగిందా? లోపం మూతలోనే. కంటిని నమ్మొద్దు, చిన్న తేడాలు దానికి అందవు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి, రెండుసార్లూ అదే దూరం నుంచి చూడండి. మల్టీమీటర్‌ను మధ్యలో పెట్టి కరెంటు కొలిస్తే దాని సన్నటి వైర్లే కొత్త రెసిస్టెన్స్ అవుతాయి. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే హాయి.

ఇక బాగుచేయడం. ట్యూబు అంచునూ థ్రెడ్లనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్విచ్చును పట్టి ఉంచే రింగు వదులైతే బిగించండి. చాలాసార్లు ఇంతటితో పని అయిపోతుంది. చాలకపోతే స్ప్రింగు పైకొన నుంచి అడుగు దాకా మెత్తటి సిలికాన్ వైరు సోల్డర్ చేయండి. స్ప్రింగు నొక్కుకునేలా వైరును కాస్త వదులుగా ఉంచాలి.

డ్రైవరే లేని చవక టార్చ్‌కు మాత్రం ఈ వైరు వేయొద్దు. అందులో కరెంటును అదుపులో ఉంచేవాటిలో ఆ స్ప్రింగు రెసిస్టెన్స్ ఒకటి. ఆ రెసిస్టెన్స్ తీసేస్తే ఎల్‌ఈడీ మాడిపోవచ్చు. దాన్ని తుడిచి మూత పెట్టేయండి.