కోపిపాడ్ ఏం ఏరుకు తింటుంది? 4వ పాఠం: మైనస్ వచ్చిన లెక్క

కోపిపాడ్‌లు నీళ్లలో తేలుతూ బతికే అతిచిన్న జీవులు, రొయ్యలకు దూరపు చుట్టాలు. పోయిన పాఠంలో కోపిపాడ్‌లు వేసిన సీసానూ (మేత సీసా) వెయ్యని సీసానూ (కంట్రోల్) పోల్చే ప్రయోగం చేసినవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోయారు: ఫ్లాజెల్లేట్ల (కొరడా లాంటి తోకతో ఈదే ఏకకణ జీవుల) క్లియరెన్స్ రేటు, అంటే ఒక్కో కోపిపాడ్ రోజుకు ఎన్ని మి.లీ. నీళ్లలోంచి ఆ మేతను ఏరేసిందో చెప్పే అంకె, మైనస్‌లో వచ్చింది. ఇది తేలకుండా, ఏ మేతంటే ఎంత ఇష్టమో చెప్పే ఎంపిక సూచీ జోలికి వెళ్లలేం.

లీటరు సీసా, 10 ఆడ అకార్షియాలు (ఒక రకం కోపిపాడ్‌లు), 24 గంటలు అనుకుందాం. చివర్లో మిల్లీలీటరుకు కంట్రోల్ సీసాలో డయాటమ్‌లు (గాజు లాంటి పెంకున్న ఏకకణ మొక్క ప్లవకాలు) 200, సీలియేట్లు (సన్నని వెంట్రుకలతో ఈదే ఏకకణ జీవులు) 8, ఫ్లాజెల్లేట్లు 1000. మేత సీసాలో 160, 4, 1100. కంట్రోల్‌లో మొదటికీ చివరికీ మార్పు లేదు. ఒక్కో జీవికి రోజుకు 100 మి.లీ. నీళ్లు, దాన్ని (కంట్రోల్ ÷ మేత) సహజ లాగరిథమ్ (ln)తో గుణించండి. డయాటమ్‌లకు 22.3, సీలియేట్లకు 69.3, ఫ్లాజెల్లేట్లకు −9.5 మి.లీ. వస్తాయి.

కణాల లెక్కన ఒక్కో కోపిపాడ్ 4000 డయాటమ్‌లు, 400 సీలియేట్లు తింది. అంతమాత్రాన డయాటమ్‌లంటే ఇష్టమని రాయకండి. అవి నీళ్లలో ఎక్కువున్నాయి, అంతే. ఇష్టం తెలిసేది క్లియరెన్స్‌లోనే.

ఇక ఆ మైనస్. దాన్ని సున్నా చేసి ముందుకు పోవడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఫ్లాజెల్లేట్లను సీలియేట్లు తింటాయి. కోపిపాడ్‌లు సీలియేట్లను తగ్గించాయి కాబట్టి, మేత సీసాలో ఫ్లాజెల్లేట్లకు ఆ బెడద తగ్గి సంఖ్య పెరిగింది. సున్నా వేస్తే 'కోపిపాడ్ వీటిని ముట్టదు' అని రాసినట్టే. అది అబద్ధం కావచ్చు.

సరిదిద్దుదాం. సీలియేట్ల సగటు సాంద్రత కంట్రోల్‌లో 8, మేత సీసాలో (8−4) ÷ ln 2 = 5.77. తేడా 2.23. ఒక్కో సీలియేట్ గంటకు 3 మైక్రోలీటర్లు, అంటే రోజుకు 0.072 మి.లీ. వడకడుతుందనుకుంటే, మేత సీసాలో ఫ్లాజెల్లేట్లకు తప్పిన నష్టం రోజుకు 0.16. దాన్ని −0.095కు (−9.5 ÷ 100) కలిపితే 0.065. అంటే 100తో గుణిస్తే క్లియరెన్స్ +6.5 మి.లీ. తక్కువే, కానీ తింటోంది.

మైనస్‌కు ఇంకో కారణం కోపిపాడ్‌లు విసర్జించే అమ్మోనియం. దాంతో మేత సీసాలో మొక్క ప్లవకాలు ఎక్కువ పెరుగుతాయి. అన్ని సీసాలకూ మొదట్లోనే నైట్రోజన్, ఫాస్ఫరస్ సమంగా వేయండి. సీలియేట్లు అసలే కనబడనివాళ్లు నమూనాలు నిల్వ చేయడానికి ఫార్మలిన్ మానేసి ఆమ్ల లూగాల్ (ఆమ్లం కలిపిన అయోడిన్ ద్రావణం) వాడండి. ఫార్మలిన్‌లో చాలా సీలియేట్లు చిట్లిపోతాయి.

సూచీ ఇప్పుడు తేలిక. ఎంపిక సూచీల్లో నేను చెసన్ ఆల్ఫానే వాడతాను. మరో సూచీ అయిన ఇవ్లెవ్ సూచీ, నీళ్లలో మేత దామాషా మారితే తనూ మారుతుంది. ఒక్కో క్లియరెన్స్‌ను మొత్తంతో (98.1) భాగించండి: డయాటమ్ 0.23, సీలియేట్ 0.71, ఫ్లాజెల్లేట్ 0.07. మూడు రకాలుంటే తటస్థ విలువ (దేనిమీదా ప్రత్యేక ఇష్టం లేనప్పుడు వచ్చేది) 0.33, దానికి పైనున్నదే ఎంపిక.

అభ్యాసం: మేత సీసాలో సీలియేట్లు 2, ఫ్లాజెల్లేట్లు 1150 ఉంటే ఫ్లాజెల్లేట్ల క్లియరెన్స్ 12.5 రావాలి. రాకపోతే సగటు సాంద్రత దగ్గర చూడండి. 8నీ 2నీ కూడి సగం చేసి ఉంటారు.