పిరానా కొనే ముందు దాని దవడ చూడండి

వైజాగ్ అక్కయ్యపాలెంలో మా హాల్లోని ట్యాంకులో పద్నాలుగు నెలలు ‘పిరానాలు’ పెంచాను. కొన్నప్పుడు ఐదు రూపాయల బిళ్లంత ఉండేవి, పొట్ట ఎర్రగా, ఒంటిమీద నల్లచుక్కలతో. చూస్తుండగానే ఒక్కోటీ అడుగు పొడవుకు వచ్చేసింది. ఒకరోజు మా వీధికి తట్టలో చేపలు తెచ్చే ఆవిడ మంచినీళ్లకని గుమ్మం దగ్గర ఆగి, ట్యాంకు వైపు చూసి, “ఇయి రూప్‌చందులు కదేటి బాబూ, కూరకి పెంచుతున్నారేటి?” అంది. ఆమె చెప్పింది నిజం. అంతకాలం నేను పెంచింది పిరానాలను కాదు, పాకూలను.

పాకూ కూడా దక్షిణ అమెరికా చేపే, పిరానాకు దగ్గరి చుట్టం. మన చెరువుల్లో దాన్ని విరివిగా పెంచుతారు. బజారులో రూప్‌చంద్ అంటే అదే. పిల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలా దుకాణాల్లో దాన్నే పిరానా అని అమ్మేస్తున్నారు. రంగు చూసి కొనకండి. పక్కనుంచి నోరు చూడండి. పిరానాకు కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, ముఖం మొద్దుగా ఉంటుంది. పాకూ ముఖం గుండ్రంగా, సాత్వికంగా ఉంటుంది, కింది దవడ ముందుకు రాదు. పళ్లు చూస్తే ఇక అనుమానం ఉండదు. పిరానావి ఒకే వరసలో ముక్కోణపు పళ్లు, రంపంలా ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి. పాకూవి మన దంతాల్లా చదునుగా, గింజలు నమలడానికి తగ్గట్టు ఉంటాయి. చచ్చిన పాకూ నోరు తెరిచి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, అచ్చం మనిషి పలువరసలాగే ఉంది. చేపపిల్లల పళ్లు కనబడవంటారా, కాస్త ఓపిక పట్టి రెండంగుళాలు దాటిన పిల్లల్ని కొనండి.

మనవాళ్లు పెంచుకునేది ఎక్కువగా ఎర్రపొట్ట పిరానా. అమెజాన్, పరాగ్వే నదుల నీళ్లలో పుట్టిన జాతి అది. ఇంట్లో పది పన్నెండు అంగుళాలు పెరుగుతుంది. ఒకటి పెంచండి, లేదంటే ఐదారు పెంచండి. రెండు మూడు మాత్రం వద్దు, బలమైనది మిగతావాటిని కొరికి చంపేస్తుంది. అన్నీ ఒకే సైజువి, ఒకేసారి తెచ్చుకోవాలి.

ఐదారింటికి నా లెక్కలో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు కావాలి. అందులో దాదాపు 680 లీటర్లు పడతాయి. అద్దం, ఇసుక, స్టాండు కలిపితే 900 కిలోలకు చేరువ. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు గది మధ్యలో పెట్టకూడదు. కింద బీము వెళ్లే గోడవారగా, ఇంజనీరును అడిగి మరీ పెట్టాలి. మన ఊళ్లో ఇంకో సంగతి, సముద్రపు గాలి. మామూలు ఇనప స్టాండు పైకి బాగానే కనిపిస్తుంది, వెల్డింగు అతుకుల దగ్గర మాత్రం లోలోపల తుప్పు తినేస్తుంది. అతుకుల్ని గీకి, ఎపాక్సీ రంగు వేయించండి. ఏటా ఒకసారి టార్చి పట్టుకుని కింద పడుకుని చూడండి.

నీళ్లు సిద్ధం కాకుండా చేపను తేవద్దు. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను బాక్టీరియా ముందు నైట్రైటుగా, ఆ తర్వాత అంతకంటే తక్కువ హాని చేసే నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే చేపలు. పిరానా మాంసం తినే చేప, ముక్కలు రాల్చుకుంటూ తింటుంది కాబట్టి ఫిల్టరు పెద్దదే కొనాలి. వారానికోసారి మూడోవంతు నీళ్లు మారుస్తాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, దాన్ని పోగొట్టే హైపో (సోడియం థయోసల్ఫేట్) కలపనిదే పోయను. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అసలు వాడకండి.

వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో మన ట్యాంకు నీళ్లు 31 దాటిపోతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. నీటిమీదకి ఫ్యాను పెడితే చల్లబడుతుంది గానీ, వైజాగ్ ఉక్కపోతలో పెద్దగా కాదు. కాబట్టి ఆ నెలల్లో ఎయిర్ పంపు ఒకటి అదనంగా నడపండి, తిండి తగ్గించండి. డిసెంబరు రాత్రులకు హీటరు కావాలి.

ఇక అందరూ తప్పుగా అనుకునే విషయం. పిరానా భయంకరమైనదనుకుంటారు గానీ, నిజానికి అది పిరికి చేప. పాకూలను ఇచ్చేశాక అసలైనవి తెచ్చిన మొదటి వారం, ఎవరో తలుపు గట్టిగా వేశారు. ఆరూ ఒక మూలకు దూసుకెళ్లాయి, ఒకటి పక్కకు ఒరిగి ఇసుక మీద చచ్చినట్టు పడిపోయింది. నేను అక్కడే కూర్చుని మొప్పలు చూస్తున్నాను, మెల్లగా ఆడుతున్నాయి. కొన్ని నిమిషాలకు లేచి గుంపులో కలిసింది. ఆ రోజు నుంచి మూడు వైపులా నల్లకాగితం అంటించాను, లైటు తగ్గించాను, దాక్కోవడానికి పెద్ద మొద్దులు పెట్టాను. మన వీధుల్లోని నాటుబాదం చెట్ల ఆకులు భలే పనికొస్తాయి. మందు కొట్టని చోట రాలిన ఎండుటాకులు కడిగి, ఆరబెట్టి నాలుగైదు వేస్తే నీళ్లు తేనీటి రంగుకు వస్తాయి. వాటి నదుల్లో కూడా చాలాచోట్ల నీళ్లు అలాగే ఉంటాయి, చేపలు నెమ్మదిస్తాయి.

తిండికి ఫిషింగ్ హార్బర్ దగ్గర్లో ఉండడం మన అదృష్టం. రొయ్యలు, ముళ్లు తీసిన చేపముక్కలు మంచినీళ్లలో కడిగి, చిన్న పొట్లాలుగా ఫ్రీజరులో పెడతాను. వాటితోపాటు పెల్లెట్లు (మేత గుళికలు) కూడా అలవాటు చేయాలి. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు రోజులకోసారి చాలు. ముక్కలు ఒకేచోట వేయకుండా ట్యాంకు పొడవునా చల్లండి, లేకపోతే వెనకబడినవి పక్కదాని తోక కొరుకుతాయి. పావుగంటలో మిగిలింది తీసేయాలి. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసి స్నేహితులకు చూపించేవాళ్లున్నారు, నాకది నచ్చదు. పైగా వాటితో రోగాలు వస్తాయి, గోల్డ్‌ఫిష్ ఒంట్లోని థయామినేజ్ అనే ఎంజైము పిరానాకు అందాల్సిన బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది.

చేయి పెట్టాల్సిన పని ఉంటే పొడవాటి పట్టకారు వాడండి. చేపను పట్టడానికి వల వద్దు, కొరికేస్తుంది. ప్లాస్టిక్ టబ్బులోకి తోలండి. పట్టుకున్నప్పుడు గుర్రుమని శబ్దం చేస్తుంది, కంగారుపడి వదిలేయకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మాకు చాలా రోజులు కరెంటు లేదు. అప్పట్లో నా దగ్గర వేరే చేపలుండేవి. కప్పుతో గంటగంటకూ నీళ్లు పైకెత్తి పోస్తూ వాటిని నిలబెట్టుకున్నాను. తీరా కరెంటు వచ్చాక సంతోషంతో ఫిల్టరు స్విచ్చి వేసేశాను. మూతబిగించి ఉన్న ఫిల్టరులో బాక్టీరియా చచ్చి, కుళ్లిన నీళ్లన్నీ ట్యాంకులోకి వచ్చాయి. తెల్లారేసరికి రెండు పోయాయి. గంటల తరబడి ఆగిన ఫిల్టరును విప్పి, కడిగాకే వేయాలి. ఎయిర్ పంపుకు కరెంటు ఎంతో పట్టదు, ఇన్వర్టరుకు కలిపేయండి. ఆ రోజుల్లో తిండి పూర్తిగా మానేయాలి, పెద్ద చేపలు కొన్నాళ్లు తినకపోయినా తట్టుకుంటాయి.

పెంచలేని పరిస్థితి వస్తే ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాల్లో వదలకండి. ఎవరో ట్యాంకుల్లోంచి వదిలేసిన సక్కర్ చేపలు మన చెరువుల్లో ఎంత నష్టం చేస్తున్నాయో రైతుల్ని అడగండి. నా రూప్‌చంద్‌లను అనకాపల్లి దగ్గర మా బావ పొలంలోని సిమెంటు తొట్టెకి పంపాను. నీళ్లు బయటికి పోయే గొట్టానికి ఇనపజాలీ నేనే దగ్గరుండి కట్టించాను.